సగం అల్లిన బుట్టతో కందకుర్తికి

మా మేనమామ చనిపోయాడు. బోధన్‌లో, సొంత ఇంట్లో, మధ్యాహ్నం అన్నం తిన్నాక అరుగు మీద కూర్చుని వెదురు బుట్ట అల్లుతూ పక్కకు ఒరిగాడు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. బుట్ట సగమే అయింది. ఈ మాట విని నవ్వినవాళ్లను నేను తప్పుపట్టను. ఫోన్ చేసి కబురు చెప్పిన ఆయన కూతురు, అంటే మా మరదలు, ఏడుస్తూ ఏడుస్తూనే ఒకసారి నవ్వింది.

"బావా, బాపు పోయిండు. గిది గూడ సగమే జేసి పోయిండు."

మామ ఏం పని చేసేవాడన్నది మొదటి చిక్కు. వార్తలో మనిషి పేరు పక్కన వృత్తి రాయడం మా పేపరువాళ్లకు అలవాటు. నిజామాబాద్‌లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కొట్టించడానికి పోతే షాపతను కూడా అదే అడిగాడు.

"పేరు కింద ఏం రాయాలె అన్నా? రిటైర్డ్ సారా? లీడరా?"

నా వెంట వచ్చిన మామ స్నేహితులు ముగ్గురూ ఒకేసారి జవాబిచ్చారు. "ఫోటోగ్రాఫర్" అన్నాడు ఒకాయన. "ఫోటోలెప్పుడు దీసిండయ్యా? టైలర్ గదా" అన్నాడు రెండో ఆయన. మూడో ఆయన ఇద్దరినీ జాలిగా చూసి, "హార్మోనియం మాస్టర్ అని కొట్టు తమ్మీ" అన్నాడు. ముగ్గురు చెప్పిందీ నిజమే. షాపతను కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చివరికి పేరు కింద ఏమీ లేకుండానే ఫ్లెక్సీ వచ్చింది.

నాకు తెలిసిన మొదటి పని చక్కెర ఫ్యాక్టరీలో. చెరుకు బండ్లను తూచే కాంటా దగ్గర కూర్చునేవాడు. సీజన్ ముగియకముందే మానేశాడు. కారణం అడిగితే, "బండ్లస్తయి, తూగుతయి, పోతయి. నేనొక్కన్నే ఆడ్నే ఉంటున్న" అన్నాడు.

తర్వాత ఫోటో స్టూడియో. మనిషి పక్కకు చూస్తేనే అసలు ముఖం కనిపిస్తుందని ఆయన నమ్మకం. పాస్‌పోర్టు ఫోటోలకు కూడా అలాగే కూర్చోబెట్టేవాడు. దరఖాస్తులు వెనక్కి వచ్చాయి, వాటి వెంట మనుషులూ వచ్చారు. స్టూడియోకు తాళం పడింది.

ఆ తర్వాత హార్మోనియం. తెల్లవారుజామున సాధన. రోజూ ఒకే కీర్తన, అందులోనూ మొదటి వరసే. పక్కింటి అవ్వ కొన్నాళ్లు ఓర్చుకుని ఒకరోజు గోడ మీదుగా తల పెట్టింది.

"ఓ కొడుకా, గా పాట ఇయ్యాలన్న అయిపోతదా?"

"సురువే కుదుర్తలేదవ్వా. అయిపోవుడు మాట తర్వాత సూద్దాం."

తర్వాత కుట్టుమిషన్ కొన్నాడు. నా పెళ్లికి చొక్కా ఆయనే కుట్టాడు. కాలర్ దర్జాగా కుదిరింది. చేతులు రెండూ ఒకే పొడుగు లేవు. ఆ మాట చెబితే, "కాలర్ సూడు అల్లుడా, చేతులెవడు సూస్తడు?" అన్నాడు. పెళ్లిలో అందరూ చేతులే చూశారు.

తేనెటీగల సంగతి వేరుగా చెప్పాలి. నిజాంసాగర్ కాలువ కింద, ఒక చెరుకు తోట గట్టున పెట్టెలు పెట్టాడు. ఈగలు పూల మీద వాలతాయని ఆయనకు ఎవరో చెప్పారు. బోధన్ ఈగలకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పక్కనే బెల్లం వండుతున్నారు. ఈగలన్నీ అక్కడికి పోయాయి. బెల్లం పొయ్యి దగ్గర పనివాళ్లు ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకుని పరుగెత్తారు. యజమాని తగాదాకు వచ్చాడు.

"నీ ఈగలను ఇంట్ల కట్టేసుకో!"

"ఈగకు సరిపోయే తాడు యాడ దొరుకుతదో జెప్పు, తెస్త."

ఆ ఏడు తేనె బెల్లం వాసన కొట్టింది. మామ బంధువులందరికీ సీసాలు పంచి, ఇలాంటి తేనె మరెక్కడా దొరకదని చెప్పాడు. అది మాత్రం నిజం. పెట్టెలు తర్వాత ఏర్గట్ల వైపు ఒక పసుపు రైతుకు ఇచ్చేశాడు. ఆయన ఇప్పటికీ తేనె అమ్ముతున్నాడు. మామ పోయాడని తెలిసి ఒక సీసా పట్టుకునే వచ్చాడు. ఆయన కుట్టుమిషన్ మీద మా మరదలు ఇప్పుడు ఊరందరి జాకెట్లు కుడుతోంది. స్టూడియో కెమెరా నాకిచ్చాడు. దాన్ని మెడలో వేసుకునే నేను ఈ ఉద్యోగంలో చేరాను.

ఇల్లు అత్త చుట్టిన బీడీలతో నడిచింది. "మీ ఆయన ఇప్పుడేం జేస్తుండు?" అని ఎవరైనా అడిగితే, "పొద్దుగాల్ల సంగతా, పొద్దుమీకి సంగతా?" అనేది. ఒకసారి నన్ను పిలిచి, "నువ్వు పేపరోనివి, నీ మాట ఇంటడు. ఒక్క పని పట్టుమను" అని మామ మీదికి పంపింది. మామ అంతా విన్నాడు. చేతిలో చెరుకు గడ ఉంది.

"గీ చెరుకు సూడు. గణుపు గణుపుకు ఆగుతది, మళ్ల లేస్తది. తీపి తక్కువైందా?"

ఆ చెరుకు తిని వచ్చేశాను. అత్త ఇద్దరినీ తిట్టింది.

ఒక సంగతి మాత్రం రాయాలి. రోజూ సాయంత్రం అత్త పక్కన కూర్చుని ఆమె చుట్టే బీడీలకు ఆకు కత్తిరించి పెట్టేవాడు. స్టూడియో రోజుల్లోనూ, ఈగల రోజుల్లోనూ అది ఆగలేదు. తాను చేసిన పనులు చెప్పుకునేటప్పుడు దాన్ని ఎన్నడూ చెప్పలేదు.

చివరగా బుట్ట. వెదురు ఇంటికి వచ్చిన రోజు అత్త పట్టుబట్టింది. "గిదొక్కటన్న నిండ జెయ్యి. నా కండ్లతోని సూస్త." మామ ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. ఆ ఒట్టు తీరకుండానే పోయాడు, మనసు బుట్ట మీదే ఉండిపోతుందేమోనని అత్తకు భయం పట్టుకుంది.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి కందకుర్తికి పోయాం. పోయినవారికి ఇష్టమైనవి విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా దూరంగా నిలబడటం మా దగ్గర ఆచారం. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. ఇంటివాళ్లు ఆ కోరిక తీరుస్తామని మాటివ్వాలి. అత్త తిండి గిన్నెలను ఆ సగం బుట్టలోనే పెట్టి తెచ్చింది. వెదురు బద్దలు కారులో దారి పొడుగునా నా మోచేతిని పొడిచాయి.

గోదావరి, మంజీర కలిసే చోట ఒడ్డున విస్తరి పరిచాం. గారె, జొన్నరొట్టె, మటన్ కూర, బెల్లం ముక్క, కొంచెం కల్లు. బుట్ట పక్కనే పెట్టాం. మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక కుటుంబం అవతల పెట్టిన విస్తరిని కాకులు అప్పుడే ఊడ్చేశాయి. మా వైపు ఒక్కటీ రాలేదు. ఒక కాకి మాత్రం చెట్టు మీంచి చూస్తోంది.

"బాపూ, బుట్ట నేను అల్లుత" అంది మరదలు. కాకి ముఖం తిప్పుకుంది.

"అన్నా, హార్మోనియం నేను నేర్చుకుంట" అన్నాడు ఫ్లెక్సీ షాపులో హార్మోనియం మాస్టర్ అని కొట్టమన్న స్నేహితుడు. కాకి ఇంకో కొమ్మ పైకి పోయింది.

పసుపు రైతు ఈగలను బాగా చూసుకుంటానన్నాడు. నేను ఆయన గురించి పేపర్లో రాస్తానన్నాను. ఏ మాటకూ కాకి కదల్లేదు. ఎండ ఎక్కింది. "మనసు దేని మీదుందో?" అని వెనక ఎవరో అన్నారు. "దేని మీద లేకుండె?" అని ఇంకెవరో అన్నారు. కొందరు నవ్వు ఆపుకున్నారు. అత్త నవ్వలేదు.

కొంచెంసేపటికి కొంగు నడుముకు చెక్కి ముందుకు నడిచింది.

"ఇగో, ఇనవడ్తుందా? బుట్ట జెయ్యకున్నా ఏం గాదు. ఒట్టు నేనే దీసేస్తున్న. ఏదన్న ఒక్కటి పట్టుమని ఇగ అడుగ. ఎటు బుద్ధిపుడ్తె అటు పో."

కాకి దిగింది. ముందు బుట్టలో నిటారుగా నిలిచిన వెదురు బద్ద మీద వాలింది. తర్వాత విస్తరిలోకి దూకింది. గారెను పొడిచి వదిలేసింది. రొట్టె కొస తుంచి పడేసింది. కూర రుచి చూసింది. కల్లులో ముక్కు ముంచి తల విదిలించింది. ఏదీ పూర్తిగా తినలేదు.

"బాపే" అంది మరదలు.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను నిర్ధారించుకోలేదు. కాకి బెల్లం ముక్క కరుచుకుని మంజీర వైపు ఎగిరింది. నీళ్ల నడుమకు పోయాక గోదావరి వైపు తిరిగింది.