టిక్కు చెప్పనిది

మా బావకు నట్లు బిగించడం వచ్చినంతగా మాట్లాడటం రాదు. టైర్ల షెడ్డులో మా ఇద్దరిదీ పక్కపక్క పని. ఆయన చక్రాలు విప్పి బిగిస్తాడు, నేను పంక్చర్లు వేస్తాను. ఆయన లేనప్పుడు చక్రాలూ నావే. గాలితో తిరిగే ఇంపాక్ట్ గన్ను చేతికొస్తే నాలాంటివాడికి ఒళ్లు తెలియదు, మీట నొక్కిపెట్టి నట్టు కుయ్యోమనేదాకా బిగిస్తాను. బావ అలా కాదు. ముందు నట్టును చేత్తోనే తిప్పుతాడు. మర సరిగ్గా పట్టిందని వేళ్లకు తెలిశాకే గన్ను అందుకుంటాడు. ఒకటి అయ్యాక దాని ఎదుటిది, పక్కది కాదు. గన్ను బర్రుమని తిరుగుతూ, నట్టు కూర్చోగానే టకటకమంటుంది. శబ్దం మారీమారగానే మీట వదిలేస్తాడు. మిగిలిన బిగువు టార్క్ రెంచితో చేత్తో ఇస్తాడు. సరిపడా బిగిశాక ఆ రెంచి టిక్కుమంటుంది, ఇక లాగకూడదు.

బిగువు తక్కువైతే చక్రం ఊడుతుందనీ, ఎక్కువైతే దారిలో నట్టు విప్పలేక మనిషి ఏడుస్తాడనీ రోజూ నాకు పాఠం. విని విని నా చెవులకు చిల్లులు పడ్డాయి.

ఇంట్లో మాత్రం అక్క ఏ మాటైనా ఆయనకు రెండుసార్లు చెప్పాలి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని విసుక్కునేది. పెళ్లాం మాట వినపడని మొగుడంత అదృష్టవంతుడు లేడని నేను వెక్కిరించేవాడిని. బావ నవ్వి ఊరుకునేవాడు.

మొన్న మా మేనకోడలు కుడిచేతికి కట్టుతో షెడ్డుకొచ్చింది. కారు నడపడం కన్నా ముందే ఆమెకు చక్రం మార్చడం నేర్పాడు మా బావ. ఊరి బయట పంక్చరైతే, ఎవరినీ పిలవకుండా తనే స్పానర్ పట్టుకుంది. ఒక్క నట్టూ కదల్లేదు. స్పానర్ మీదికెక్కి తొక్కింది. అది జారడంతో ఆమె కిందపడి, అరచెయ్యి రోడ్డుకు గీసుకుపోయింది. చివరికి ఒక లారీ డ్రైవరు ఆగి, స్పానర్‌కు పొడవాటి గొట్టం తొడిగి విప్పాడట.

ఇదంతా చెప్పి, ఆ నట్లు బిగించింది నువ్వేనా మామయ్యా అని నన్ను నిలదీసింది. నాకు ఒళ్లు మండింది. కిందటి వారం ఆ చక్రం బిగించింది బావే. కానీ తండ్రి పని మీద ఆ పిల్లకున్న నమ్మకం చూసి నోరు మెదపలేకపోయాను.

బావ ఆ కట్టునే చూస్తున్నాడు. "వాడు కాదమ్మా, నేనే" అన్నాడు.

ఆమె నమ్మలేదు. మరి రెంచి టిక్కుమనలేదా అని అడిగింది. ఆయన ఆమె పెదాలనే చూస్తూ విన్నాడు.

"టిక్కుమంది. అది చేతికి తెలుస్తుంది. కానీ బిగువు తక్కువ లేదని చెబుతుందే గానీ, ఎక్కువైందని చెప్పదు. గన్నుతోనే ఎక్కువ బిగించేశాను. దాని శబ్దం మారడం నాకు వినపడట్లేదు."

చాన్నాళ్లుగా ఇంతేనట. ఓనరుకు తెలిస్తే పనిలోంచి తీసేస్తాడని ఎవరికీ చెప్పలేదట. ఇన్నేళ్లు ఆ మోత పక్కనే బతికిన చెవులు మరి. నా వెక్కిరింతలన్నీ గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

బావ గన్ను పక్కన పడేశాడు. కూతురి కారు నాలుగు చక్రాల నట్లూ వదులు చేసి, జాకీ మీద లేపి, మళ్లీ మొదటి నుంచీ చేత్తోనే బిగించాడు. కారు దించి, రెంచితో ఒక్కొక్కటీ టిక్కుమనేదాకా లాగాడు. చెమట తుడుచుకుని, ఒక నట్టుకు ఆమె స్పానర్ తగిలించాడు.

"కాలితో తొక్కి విప్పు. రాకపోతే రేపట్నుంచి నేను ఈ పని చెయ్యను."

ఆ మాట అన్నాడే గానీ చూడలేకపోయాడు, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మేనకోడలు స్పానర్ మీద కాలు పెట్టి నొక్కింది. నట్టు కిర్రుమని కదిలింది.

"వచ్చింది నాన్నా" అంది.

ఆయన గోడవైపు తిరిగి అలాగే నిలబడి ఉన్నాడు. ఆమె నావైపు చూసింది. తర్వాత చుట్టూ తిరిగి ఆయనకు ఎదురుగా వెళ్లి, మళ్లీ చెప్పింది.