పుల్లయ్యకు మూడు పిలుపులు

గుణదల హన్నాకు చట్టమంటే పిచ్చి. ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే అంతోని కూతురు, లా రెండో ఏడు. కోర్టు వరండాలో బంట్రోతు సాక్షుల పేర్లను మూడుసార్లు కేకేసే తీరు కూడా ఆమెకు ముచ్చటే. డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత ప్రతి ఆదివారం దివిసీమ బస్సెక్కి, బతికినవాళ్లకు ఊరికే అర్జీలు రాసిపెట్టి వచ్చేది.

ఆ ఆదివారం శౌరమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. భర్త పుల్లయ్య నీళ్లలో పోయాడు, శవం దొరకలేదు. పోయినట్టు కాగితం ఉంటేనే ఆమెకూ ఇద్దరు పిల్లలకూ సర్కారు ఇల్లు. కాగితానికి ఇద్దరు సాక్షులు కావాలట! ఊరే కొట్టుకుపోతే సాక్షులెక్కడ? ఆ రూలు రాసిన మహానుభావుడి కాళ్లకింద పొడినేల ఉండి ఉంటుంది. పైగా బుధవారంతో జాబితా మూసేస్తారు.

హన్నాకు ఉపాయం తట్టింది. పుల్లయ్య పొలం గట్టున నిలబడి, కోర్టులోలాగే మూడుసార్లు పిలిచి, జవాబు లేదని రాసి మునసబు చేత సంతకం పెట్టించాలి.

"పోయినోళ్లని పేరుపెట్టి పిలవగూడదమ్మాయ్," అన్నాడు మునసబు బసవపున్నయ్య.

"ఇది చట్టమండీ, మునసబుగారూ."

అలాంటి చట్టం ఎక్కడా లేదు. అదంతా రెండో ఏడు తెలివి.

మిట్టమధ్యాహ్నం శౌరమ్మతో కలిసి ముగ్గురూ గట్టెక్కారు. ఉప్పు పేరుకున్న పొలంలో పిట్ట కూడా లేదు. "పుల్లయ్యా!" అని పిలిచింది. గాలి ఆగిపోయింది. రెండోసారి పిలిచింది.

"చాలమ్మాయ్," అన్నాడు మునసబు.

హన్నా మూడోసారీ పిలిచింది.

"వస్తన్నా!"

మగ గొంతు. బాగా దగ్గర్నించి. కనుచూపు మేరలో మనిషి లేడు. మునసబు చేతిలోని కలం జారి బురదలో పడింది. హన్నాకు పారిపోవాలనిపించింది. జవాబు వచ్చిందని రాస్తే శౌరమ్మకు ఇల్లు రాదు. లేదని రాయడానికి చెయ్యి ఆడటంలేదు.

శౌరమ్మ మాత్రం పొలంవైపే చూస్తోంది.

"ఉప్పెన రోజునా ఇట్టాగేనమ్మా. పిల్లల్ని చంకనేసుకుని బడి మేడెక్కి పిలిచా. గొడ్ల తలుగులిప్పి వస్తన్నా అన్నాడు. ఇప్పటికీ అదే మాట."

శౌరమ్మ మునసబు ఇంకు పెట్టెను తనే అందుకుని బొటనవేలు అద్దుకుంది.

"పలకలేదని రాయొద్దు తల్లీ, పాపం. రాలేదని రాయి."