నేను గీయని నీలం బాణాలు

పోయిన నెలలో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసిన వానకి గుంటూరులో మా వీధి చివర పల్లంలో ఉన్న పేటంతా మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది. ఇదేమీ కొత్త కాదు, ఏటా నిలబడుతూనే ఉంది, ఎగువన ఉన్న మేము మేడ మీద నుంచి చూసి అయ్యో పాపం అనుకొని లోపలికి వెళ్ళి టీవీలో అదే వార్త చూడటం కూడా ఏటా జరుగుతూనే ఉంది. కాకపోతే ఈసారి మా వార్డుకు కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మాయి ఒకతె పట్టుదల మనిషి, ఎగువ వాళ్ళూ దిగువ వాళ్ళూ ఒకచోట కూర్చుని తేల్చుకుంటే తప్ప ఈ నీళ్ళకి దారి దొరకదని చెప్పి, ఇంటికొకరు చొప్పున కమ్యూనిటీ హాలుకి రమ్మని గేటు గేటుకీ తిరిగి పిలిచింది. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి నేనే వెళ్ళాను. బల్ల మీద మా లేఅవుటు పాత ప్లాను నకలు పరిచి, అది చుట్టుకుపోకుండా నాలుగు మూలలా నాలుగు టీ గ్లాసులు పెట్టారు. కుడి పక్క కింది మూల గ్లాసు కొంచెం జరిపితే, గీసినవారు అన్న మాట పక్కన రెండు పొడి అక్షరాలు కనిపించాయి. అవి నావి.

నా ఈడు వాళ్ళకి డొంక అంటే వివరించి చెప్పక్కర్లేదు. చేలకి నడుం లోతు కిందుగా, అటూ ఇటూ గట్లతో, వేసవిలో మిరప బస్తాల బళ్ళకీ పత్తి బళ్ళకీ దారిగానూ, వానాకాలంలో నల్లరేగడి మీద పడ్డ నీళ్ళన్నీ వాగులోకి పోయే కాలువగానూ పనికొచ్చే దారి అది. ప్రత్తిపాడులో నా చిన్నతనమంతా అలాంటి డొంకల్లోనే గడిచింది. అందుకని ఉద్యోగం వచ్చి గుంటూరులో ఊరి చివర అద్దె గదిలో దిగినప్పుడు, గది ముందు నుంచే ఒక డొంక పోతుంటే నాకు పట్నం వచ్చినట్టే అనిపించలేదు. అందుకు సంతోషించానని చెబితే అబద్ధమవుతుంది. ఇక్కడ కూడా ఇదేనా అని విసుక్కున్నాను.

డొంకకి అవతలి పక్క, పేట మొదట్లో, ఒక అక్క ఉండేది. అక్కంటే తోడబుట్టింది కాదు, నా గదికి ఎదురింటి ఆవిడ, నేను పిలిచిన పిలుపు అది. మిరప కొట్లలో తొడిమలు తీసే పని చేసేది, సాయంత్రం వచ్చేసరికి వేళ్ళు ఎర్రగా మండిపోతుంటే మజ్జిగ గిన్నెలో ముంచుకొని గుమ్మంలో కూర్చునేది, ఆదివారం మాత్రం తెల్లచీర కట్టుకొని మూడో క్లాసు చదివే కూతుర్ని వెంటబెట్టుకొని చర్చికి వెళ్ళేది. నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు ఆఫీసు మానేసినప్పుడు, మా వాళ్ళెవరికీ కబురు కూడా చేరకముందే జావ కాచి తెచ్చి, తమ్ముడూ లేచి తాగు, అని గుమ్మం బయట నిలబడి చెప్పింది. లోపలికి రమ్మని నేను అనలేదు, ఆవిడా రాలేదు. అప్పటి రోజులు అలాంటివని సరిపెట్టుకోవచ్చుగాని, ఇప్పుడు తలుచుకుంటే ఆ జావ గొంతు దిగినందుకు కూడా సిగ్గేస్తుంది.

రోహిణి కార్తె చివరి ఆదివారం తెల్లవారుజామున ఆ వీధిలో ఒక ఆచారం ఉండేది. అక్క భుజాన పార వేసుకొని బయలుదేరి, ప్రతి ఇంటి ముందూ ఆగి, గడప రాయి మీద పారతో రెండు దెబ్బలు కొట్టేది. పేరు పెట్టి పిలిచేది కాదు, రమ్మని బతిమాలేది కాదు. ఆ రెండు దెబ్బలు వినబడితే ఆ ఇంటి నుంచి ఒక మనిషి పారో తట్టో పట్టుకొని డొంకలోకి దిగాలి, అంతే. ఎగువ రైతుల ఇళ్ళైనా దిగువ పేట ఇళ్ళైనా తేడా లేదు. సర్కారు తుమ్మ కంప కొట్టి, ఏడాది పొడుగునా కొట్ల వాళ్ళు పారబోసిన తాలు కాయలూ తొడిమలూ కలిసిన ఒండ్రు ఎత్తి గట్టుకి పోసేవాళ్ళు. ఆ ఒండ్రు ముట్టుకుంటే చేతులు మధ్యాహ్నం దాకా మండేవి, తెలియక కళ్ళు నులుముకున్న వాడి పని ఆ పూటకి సరి. పని అయ్యాక అక్క బిందెతో నీళ్ళు తెచ్చి ఎగువ కొసన పోసేది, పెద్దా చిన్నా ఆ నీళ్ళ వెంట నడిచేవాళ్ళు, ఎక్కడ ఆగితే అక్కడ మళ్ళీ నాలుగు పారలు తవ్వేవాళ్ళు. నేను రెండేళ్ళు ఆ నీళ్ళ వెంట నడిచాను. ఆ డొంక ఎటు వంగుతుందో, ఎక్కడ పల్లమో, కళ్ళు మూసుకొని చెప్పగలిగేవాణ్ణి. ఈ సంగతి ముఖ్యం, ఎందుకంటే తర్వాత నేను చేసింది తెలియక చేసింది కాదు.

మా ఆఫీసులో నేను చిన్న డ్రాఫ్ట్స్‌మన్‌ని. పాత గ్రామ పటాల మీద ట్రేసింగు క్లాతు పరిచి, నల్ల ఇంకుతో కొత్త లేఅవుట్లు గీయడం నా పని. నా చేతిరాత బాగుంటుందని పేరుండేది, మనిషికి మాత్రం పేరు లేదు, అందరూ నన్ను ప్రత్తిపాడు అనే పిలిచేవాళ్ళు. నా చెప్పుల మీద నల్లమట్టి చూసి ఒకరు, నేను పొలం మాట ఏదో అన్నానని ఒకరు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణిగాని, గదికొచ్చి చెప్పులు కడుక్కునేవాణ్ణి. ఆ మధ్యనే మా గది చుట్టుపక్కల పొలాలన్నీ లేఅవుటు అవుతున్నాయని కాగితాలు వచ్చి, ఆ ప్లాను గీసే పని నాకే పడింది. పాత పటంలో మన డొంక జంట గీతలతో ఉంది, మధ్యలో నీళ్ళు పోయే వైపు చూపిస్తూ నీలం సిరాతో చిన్న చిన్న బాణాలు ఉన్నాయి, ఎప్పటివాడో ఒక ఓపికమంతుడు ఒక్కో బాణం తిన్నగా వేశాడు. వాటిని దించాలంటే నల్ల ఇంకు పెన్ను కడిగి నీలం పోసుకోవాలి. పోసుకుంటుండగా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ గారు నా భుజం మీదుగా తొంగిచూసి, అందరికీ వినబడేలా అన్నారు.

"ఏమయ్యా ప్రత్తిపాడు, మీ ఊరి డొంకలన్నీ పట్నంలోకి మోసుకొస్తావా? అక్కడ రోడ్డు వస్తుంది, రోడ్డని గియ్యి."

గదంతా నవ్వింది. డొంక మీద రోడ్డు వేస్తే పక్కన నీళ్ళకి కాలువ వదలాలండీ అని ఒక్క మాట అంటే ఆయనేమీ కొట్టేవారు కాదు, మంచి మనిషే, బహుశా వినేవారు కూడా. కానీ ఆ నవ్వు ముందు ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. ఇంకోసారి పల్లెటూరి వాడిననిపించుకోవడం ఇష్టంలేక, నీలం సిరా సీసాలోకే వంచేసి, జంట గీతల్ని నల్లగా, తిన్నగా, అందంగా రోడ్డుగా దించేశాను. ఒక్క బాణం కూడా వేయలేదు. కింద మూల పొడి అక్షరాలు రాశాను. ప్లాను బాగా వచ్చిందని పెద్దాయన మెచ్చుకున్నారు, ఆ రోజు నుంచి నన్ను ప్రత్తిపాడు అనడం కూడా తగ్గింది.

రోడ్డు వచ్చింది. మార్టూరు నుంచి లారీల్లో కంకర తెచ్చి డొంకని పూడ్చి, చేలకన్నా ఎత్తుగా లేపారు. ఆ ఏడాది రోహిణి కార్తెలో అక్క పార పట్టుకొని బయటికి వచ్చి, దిగడానికి డొంక లేక కాసేపు నిలబడి వెనక్కి వెళ్ళిపోవడం నేను కిటికీలోంచి చూశాను. మొదటి పెద్ద వానకే నీళ్ళన్నీ పేట మీద పడ్డాయి, అక్క ఇంటి వెనక మట్టిగోడ కూలింది. మనుషులకేమీ కాలేదు, అదొక్కటే నా అదృష్టం.

ఆ తర్వాత వారంలో అక్క మా ఆఫీసుకి వచ్చింది. పేట వాళ్ళందరి వేలిముద్రలూ వేయించిన అర్జీ పట్టుకొని, తెలిసిన తమ్ముడున్నాడు గదా అన్న ధైర్యంతో నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చి, నవ్వింది. చుట్టూ మా వాళ్ళు పెన్నులు ఆపి చూస్తున్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు, అక్కా అని పిలవలేదు. ఏమ్మా, ఏం కావాలి, అన్నాను. ఆవిడ ముఖంలో నవ్వు ఆగిపోయింది, అయినా అర్జీ నా ముందు పెట్టి, డొంక పూడ్చారండీ, నీళ్ళకి దారి చూపించండి, అంది. నన్ను అండీ అనడం అదే మొదలు. అప్పుడు నేను లేచి, బీరువాలోంచి నా ప్లానే తీసి, ఆవిడ ముందు పరిచాను.

"ఇందులో డొంక లేదమ్మా. కావాలంటే చూసుకో."

ఆవిడకి చదువు రాదు. అయినా వంగి ఆ నల్లగీతల్ని చాలాసేపు చూసింది. కాయితంలో లేకపోతే ఇంకేం చేత్తాం లెండి, అని అర్జీ మడిచి జాకెట్లో పెట్టుకొని వెళ్ళిపోయింది. నెల తిరగకుండా పేటలో మూడు కుటుంబాలు ఖాళీ చేశాయి, అక్క కూతుర్ని తీసుకొని మార్టూరులో సొంత తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ తిరిగొచ్చిందనీ, కూతురు టీచరయ్యాక మళ్ళీ ఆ స్థలంలోనే పక్కా ఇల్లు కట్టుకున్నారనీ తర్వాతెప్పుడో విన్నాను, విని కూడా ఆ వైపు నడవలేదు. ఈలోగా నాకు పెళ్ళయి, అదే లేఅవుటులో, అదే రోడ్డు మీద, డొంక గట్టు ఉన్న చోటే ఇల్లు కట్టుకొని, స్కూటరుకీ తర్వాత కారుకీ వీలుగా గేటు ముందు ఆరడుగుల సిమెంటు ర్యాంపు కూడా పోయించుకున్నాను.

మొన్నటి మీటింగులో ఇంజనీరమ్మాయి అడిగింది కూడా ఇదే. ఈ ప్లాను ప్రకారం ఇక్కడ కాలువ ఎప్పుడూ లేదు, మరి నీళ్ళు ఇటే ఎందుకొస్తున్నాయో పెద్దవాళ్ళెవరికైనా తెలుసా, అని. వెనక వరసలోంచి ఒక టీచరమ్మ లేచింది. మా అమ్మ పోయేదాకా చెబుతూనే ఉండేదండీ, ఇక్కడ డొంక ఉండేదని, కానీ ఆఫీసులో కాయితం చూస్తే లేదంట, అమ్మకే మతి తప్పిందేమో అనుకున్నాం, అంది. ఆ మనిషిని చూడగానే పోల్చుకున్నాను, అక్క ముఖమే. నేను మాట్లాడితే మొదట పోయేది నా ర్యాంపేనని కూడా ఆ క్షణంలోనే తట్టింది, దాచుకోను. ఇంటి దగ్గర మా ఆవిడకి ఏం చెప్పాలో అని కూడా అనుకున్నాను. అయినా కాళ్ళు లేచాయి. ఎవరి దగ్గరో నీలం పెన్ను తీసుకొని, ప్లాను మీద వంగి, ఎగువ నుంచి వాగు దాకా బాణాలు వేశాను. ఒక్కటి కూడా దారి తప్పలేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఈ వయసులో ఎంత జ్ఞాపకమండీ అన్నారు. ఆ చప్పట్ల మధ్య నేను మూలనున్న టీ గ్లాసుని మళ్ళీ నా పొడి అక్షరాల మీదికే జరిపాను. టీ ఇస్తున్నప్పుడు అక్క కూతురు నా దగ్గరికొచ్చి, మీకెలా తెలుసు సార్, అని అడిగింది. ఎదురింటి గదిలో అద్దెకుండేవాణ్ణి అన్నాను.

"అయితే ఆ తమ్ముడు మీరేనా? అమ్మ ఎప్పుడూ అనేది సార్. ఆఫీసులో మన తమ్ముడున్నాడు, కాయితంలో ఉంటే దాచేవాడు కాదు అని."

ఆ మాట విన్నాక ఇక దాచడం నా వల్ల కాలేదు. పొడి అక్షరాలు చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. నవ్వుకి భయపడి చేశానని చెప్పాను. ఆవిడ టీ గ్లాసు బల్ల మీద పెట్టి ప్లాను మీదికి వంగింది. నా పుస్తకాలన్నీ తడిసిపోతే అమ్మ దండెం మీద ఆరేసింది సార్, అంది.  తర్వాత, ఆదివారం కాలువ తవ్వే పని మొదలుపెడుతున్నారు, మా ఇంటి నుంచి నేనొస్తున్నాను, మీ ఇంటి నుంచి ఎవరొస్తారు, అని అడిగింది. నేనొస్తానన్నాను.

ఆదివారం పొద్దున్నే నా ర్యాంపు నేనే దగ్గరుండి పగలగొట్టించాను. మా ఆవిడ వరండాలో నిలబడి, చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందా మీకు, అని మాత్రం అంది. ఎగువ నుంచి రోడ్డు అంచున కాలువ తవ్వుకుంటూ వస్తే, సిమెంటు కింద, కంకర కింద, నల్లరేగడి తగిలింది. అక్క కూతురు ఎగువ కొసన బిందెతో నీళ్ళు పోసింది, మేము పదిమందిమి ఆ నీళ్ళ వెంట నడిచాం. అవి నేను బాణం గీసిన వైపే వచ్చి, నా గేటు ముందు నుంచి పోయి, పక్కింటాయన ర్యాంపు దగ్గర ఆగాయి.

ఆయన గేట్లో అడ్డంగా నిలబడి ఉన్నాడు, చేతిలో స్థలం కాగితాలతో పాటు ఇచ్చిన ఆ ప్లాను నకలు. ఇందులో డొంక లేదండీ, కావాలంటే చూసుకోండి, అన్నాడు. ఆ ప్లాను తప్పండీ, తప్పు గీసింది నేనే, అని ఈసారి అందరిలోనూ అన్నాను. ఆయన కోప్పడలేదు, నవ్వాడు. మీరు గీసి సంతకం పెట్టిన దాన్ని మీరే కాదంటే మేము దేన్ని నమ్మాలి సార్, అని గేటు వేసుకున్నాడు.

వచ్చే ఆదివారం మళ్ళీ అడుగుదాంలెండి సార్, అని అక్క కూతురు ఖాళీ బిందె నడుమున పెట్టుకుంది. ఒకప్పుడు ఈ వీధిలో ఒక చదువురాని మనిషి గడప రాయి మీద పారతో రెండు దెబ్బలు కొడితే ఏ ఇల్లూ కాగితం అడగలేదు. ఇప్పుడు అందరి దగ్గరా కాగితం ఉంది, దాని మూల నా అక్షరాలు ఇప్పటికీ చక్కగా, తిన్నగా ఉన్నాయి. ఆగిన నీళ్ళు పక్కింటి సిమెంటు అంచున కొంచెంసేపు నిలబడి, పల్లం వెతుక్కుంటూ మళ్ళీ పేట వైపే తిరిగాయి.