మా క్లాసు నాణ్యత కొలిచిన చెవిపెట్టె

పరిశోధన అన్న మాటకు ఆ రోజుల్లో ఉన్న మర్యాదే వేరు. ఇప్పటివాళ్ళు ఏదో ఒక విషయం తీసుకుని, అందులో ఒక మూల పట్టుకుని, ఆ మూలలో దుమ్ము దులుపుతూ జన్మంతా గడిపేస్తారు. మా పెద్దసారు అలాంటి మనిషి కాదు. ఆయన ఒకేసారి మూడు శాస్త్రాల మీద దండెత్తారు. పొద్దున భౌతికశాస్త్రాన్ని రోజువారీ పనులకు వాడటం, మధ్యాహ్నం ఏ చిక్కుకైనా అన్నిటికన్నా మంచి పరిష్కారం వెతికే గణిత పద్ధతులు, సాయంత్రం చాయ్ తాగాక విద్యలో నాణ్యత. మూడింటిలో ఏ ఒక్కదాని గురించి అడిగినా మిగతా రెండింటి గురించి చెప్పేవారు కాబట్టి ఆయన్ని ఇరుకున పెట్టడం ఎవరి తరమూ కాలేదు. మాటకు ముందు "ఆప్టిమం", మాటకు వెనక "ఆప్టిమం". అందుకని కాలేజీ మొత్తానికీ ఆయన ఆప్టిమం సార్. గోడకు మేకు కొట్టాలన్నా ఆప్టిమం చోటు వెతికేవారు. (ఆ చోటు దొరికేసరికి క్యాలెండరు పాతబడిపోయేది.)

మా కాలేజీ పాతబస్తీలో గౌలిపుర పక్కన, ఎవరో నవాబుగారి చుట్టాలు వదిలేసి వెళ్ళిన పాత దేవిడీలో, అంటే పెద్ద భవంతిలో ఉండేది. ఒకప్పుడు బేగంలుండే జనానాలో ప్రిన్సిపాలు, గుర్రపుశాలలో కెమిస్ట్రీ, మేడమీద గల్లీ వైపు కిటికీలున్న గదిలో మా ఫిజిక్సు. కిటికీ కిందినుంచి పాలవాళ్ళ బర్రెలు పోతూ వస్తూ ఉండేవి. నేనక్కడ టెంపరరీ లెక్చరర్ని. నాతోపాటు ఇంకో టెంపరరీ ఆయన ఉండేవారు, పిల్లలు ఆయనకు జోలపాట సార్ అని పేరు పెట్టారు. ఆయన పాత నోట్సు తెరిచి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒకే గొంతుతో చదివేవారు. మా ఇద్దరిలో ఒక్కరినే పర్మనెంటు చేస్తారని, విద్యా నాణ్యత చూడటానికి ఒక కమిటీ వస్తుందని, అది ఎవరి క్లాసు బాగుందంటే వాళ్ళదే నౌకరీ అని తేలింది. బస్సు డిపో వర్క్‌షాపులో పనిచేసే మా బాపు ఆ కబురు వినగానే, నేను పర్మనెంటు అయిపోయానని గల్లీ అంతా చెప్పేశాడు. అమ్మ ఇంకో అడుగు ముందుకేసి, వచ్చే బోనాలకు లాల్‌దర్వాజ అమ్మవారికి బోనమెత్తుతానని మొక్కుకుంది. ఇక నౌకరీ రాకపోతే గల్లీలో తల ఎత్తుకోలేను, అమ్మవారికీ మొహం చూపించలేను.

చిక్కేమిటంటే నా క్లాసులో నోరు మూసుకుని కూర్చునే మనిషి ఒక్కడు లేడు. ప్రశ్న అడిగితే తప్ప నేను పాఠం చెప్పలేను, నేనడిగితే వాళ్ళు చెప్పక ఊరుకోలేరు. ఎండాకాలం కుండలో నీళ్ళెందుకు చల్లబడతాయని ఓసారి అడిగాను. వెనక బెంచీలో ఓ పిల్లవాడు లేచాడు. పాలవాళ్ళ ఇంటి బిడ్డ, పొద్దున్నే బర్రెలు పితికి, కుస్తీ తాలీముకెళ్ళి దండీలు తీసి, ఆ తర్వాత తీరిగ్గా కాలేజీకి వచ్చేవాడు. అందరూ పహిల్వాన్ అనేవారు. "సార్, మా ఇంట్ల కొత్త కుండల నీళ్ళు మస్తు సల్లగైతయి. పాత కుండల గావు. గదెందుకు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పక్క బెంచీవాడు, "అరె, మైల్ భర్‌కే ఛేదాఁ బంద్ హోజాతే రే!" అని అరిచాడు, మురికి పట్టి చిల్లులు మూసుకుపోతాయని. "ఛేదులేంది బే, కుండకు ఛేదులుంటె నీళ్ళు కారిపోవా?" అని ఇంకోడు. అంతే, మూడు భాషల్లో లొల్లి. సరిగ్గా ఆ క్షణంలో గుమ్మంలో ఆప్టిమం సార్ ప్రత్యక్షమయ్యారు.

"ఇది క్లాసా, మీరాలం మండీనా?"

ఆ మధ్యాహ్నమే ఆయన మూడు శాస్త్రాలూ ఒకచోట కలిశాయి. శ్రద్ధ ఉన్నచోట చప్పుడు ఉండదు, చప్పుడు లేనిచోట శ్రద్ధ ఉంటుంది, శ్రద్ధే నాణ్యత, కాబట్టి చప్పుడు కొలిస్తే నాణ్యత కొలిచినట్టే. ఇది ఆయన సిద్ధాంతం. లాబులో పడివున్న ఒక మైకు, ఒక యాంప్లిఫయరు, ఒక ముల్లు మీటరు కలిపి చెక్కపెట్టెలో బిగించి, నా క్లాసు అల్మారా మీద పెట్టించారు. అలాంటిదే ఇంకోటి జోలపాట సార్ క్లాసులో. ముల్లు ఎడమకు వాలితే నాణ్యత, కుడికి కొట్టుకుంటే నాసిరకం. పిల్లలు దానికి కాన్‌కా డబ్బా అని పేరు పెట్టారు, అంటే చెవిపెట్టె. దానికి బర్రె అరుపుకూ మనిషి మాటకూ తేడా తెలియదని నేను మనవి చేశాను. "సైన్సుకు పక్షపాతం ఉండదయ్యా" అన్నారు సార్.

తర్వాత మొదలైంది ఉత్తమ పరిష్కారం వేట. దాన్ని ఆయన నాకు ఇలా వివరించారు. కళ్ళకు గంతలు కట్టి నిన్ను గోల్కొండ గుట్ట మీద వదిలారనుకో. ఒక అడుగు వేస్తావు. పైకి పోయినట్టనిపిస్తే అక్కడే నిలబడతావు, కిందికి జారినట్టుంటే వెనక్కొస్తావు. అలా పోతూ ఉంటే శిఖరం చేరతావు. (బురుజు మీదినుంచి అవతలికి పడే అవకాశం గురించి ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.) ఆ ప్రకారం రోజుకో మార్పు. ఫ్యాను ఆపితే ముల్లు ఎడమకు జరిగింది, ఫ్యాను ఆగిపోయింది, అదీ నడివేసవిలో. చాక్‌పీసు నీళ్ళలో ముంచితే బోర్డు కిర్రుమనలేదు, అప్పటినుంచి తడి చాక్‌పీసే. కిటికీలు మూయించారు. చివరికి ఒకరోజు నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు ప్రశ్న అడిగినప్పుడల్లా ముల్లు కదులుతోంది. ప్రశ్నలు ఆపి చూడు" అన్నారు. ఆపాను. ముల్లు నిజంగానే ఎడమకు జరిగింది. పిల్లలు నన్ను చూసిన చూపు మాత్రం నాకు నచ్చలేదు.

అవతల జోలపాట సార్ క్లాసులో ముల్లు మొదటినుంచీ పడుకునే ఉంది. అప్పుడప్పుడూ కొంచెం వణికేది, అది చివరి బెంచీ గురక. ఆయన నన్ను చూసి పాపం జాలిపడేవారు కూడా. "ఇన్‌వాల్వ్‌మెంటు ఎక్కువైందయ్యా నీకు" అని సలహా ఇచ్చారు.

ఇంతలో ఒక సెలవురోజు వచ్చింది. మా అటెండరు చాచా పెట్టె స్విచ్చి ఆపడం మరిచి ఇంటికి పోయాడు. మర్నాడు పొద్దున్నే ఆప్టిమం సార్ వరండాలో దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చారు. "సాధించావయ్యా! నిన్న సాయంత్రం గుమ్మంలోంచి చూశాను, నీ క్లాసులో ముల్లు పూర్తిగా ఎడమకు వచ్చేసింది! ఏం చేశావు?"

"సార్, నిన్న సెలవు. క్లాసులో ఎవరూ లేరు."

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రీడింగు రాసుకున్నారు. "అది వేరే సంగతి. దిశ మాత్రం సరైనదే" అన్నారు.

కమిటీ వచ్చేముందు రోజు నేను సిగ్గు విడిచి పిల్లలకు ఉన్నమాట చెప్పాను. "రేపు ఒక్క గంట నోరు మూసుకుని కూర్చోండి. నా నౌకరీ మీ నోళ్ళల్లో ఉంది." పహిల్వాన్ లేచి నిలబడి చాలా నిజాయితీగా చెప్పాడు. "సార్, ఉత్తగ నోరు మూస్కోమంటె మాతోని గాదు. గని మీరు ఫికర్ చెయ్యకుండ్రి. ఏదన్న తరీక సోంచాయిస్తం." అంటే, ఏదో ఒక ఉపాయం ఆలోచిస్తారట.

మర్నాడు క్లాసులో అడుగుపెట్టబోతూ గుమ్మంలోనే ఆగిపోయాను. గది నిండా మనుషులు, చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. అందరూ గడ్డాలు కొంచెం పైకెత్తి, పెదవులు బిగించి, యోగుల్లా కూర్చున్నారు. అందరికీ ఒక బుగ్గ ఉబ్బి ఉంది. గుప్పుమని సోంపు, గుల్కంద్ వాసన. అప్పుడర్థమైంది. మా పాతబస్తీలో ఒక మర్యాద ఉంది, నోట్లో పాన్ ఉన్న మనిషిని ఎవరూ మాట్లాడించరు. అప్పు అడగవచ్చినవాడైనా, ఆయన ఉమ్మేదాకా ఆగుతాడు. ఆ మర్యాదను మా పిల్లలు మూకుమ్మడిగా ఆశ్రయించారు. పహిల్వాన్ మామకు అఫ్జల్‌గంజ్‌లో పాన్‌డబ్బా ఉన్న సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది. వాడు నావంక చూసి, బుగ్గ కదపకుండా కళ్ళతోనే నవ్వాడు.

కమిటీ తెల్ల అంబాసిడర్‌లో దిగింది. డ్రైవరు నీడ చూసుకుని కారును సరిగ్గా మా కిటికీ కింద నిలబెట్టాడు. మేడ ఎక్కి వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకాయన టై కట్టుకున్నారు, మాటకొకసారి దాన్ని సవరించుకునేవారు. రెండో ఆయన కమిటీకి పెద్ద, షేర్వానీ వేసుకున్న ముసలాయన. ఆప్టిమం సార్ పెట్టె పక్కన నిలబడి, పెళ్ళికొడుకును చూపించినట్టు ముల్లును చూపించారు. ముల్లు ఎడమవైపు గోడకు అతుక్కుని ఉంది. "ఇంతటి నాణ్యత ఈ కాలేజీ చరిత్రలో లేదండీ" అన్నారు. నేను తడి చాక్‌పీసుతో బోర్డు మీద ఏదో రాశాను. ఏం రాశానో ఇప్పటికీ గుర్తులేదు. అమ్మ మొక్కు తీరిపోయిందని మాత్రం అనుకున్నాను.

అప్పుడు షేర్వానీ సాబ్ సరదాగా ఒక ప్రశ్న వేశారు. "అచ్ఛా బచ్చో, యే బతావో, మట్టి కుండల నీళ్ళు ఠండా ఎందుకయితయి?"

ఆ ప్రశ్నే ఎందుకు అడగాలి! క్లాసంతా ఒక్క కుదుపు కుదిపినట్టయింది. ఎన్నో రోజులుగా కొట్లాడుకున్న ప్రశ్న, పైగా సగంలో నేను ఆపేసిన ప్రశ్న. పహిల్వాన్ మెడ నరాలు ఉబ్బాయి. వాడిని కళ్ళతోనే వద్దన్నాను. కానీ జవాబు తెలిసినవాణ్ణి ఆపడం ఎవరివల్ల అవుతుంది? వాడు లేచాడు. గడ్డం ఆకాశానికెత్తి, కింది పెదవిని కట్టగా నిలిపి మొదలుపెట్టాడు. "ఉండకు హన్న హన్న హందులుంటయ్ హార్, నీళ్ళు హైటికొహ్తయ్, ఆలికి ఆరుతయ్, ఆరుకుంట ఏడి ఉంజుకహోతయ్..." కుండకున్న సన్న సన్న సందుల్లోంచి నీళ్ళు బైటికొచ్చి, గాలికి ఆరుతూ వేడిని గుంజుకుపోతాయని వాడి జవాబు.

టై ఆయన నా చెవిలో, "పాపం, అబ్బాయికి నోట్లో ఏమన్నా జబ్బా?" అన్నారు. నేను అవునన్నట్టు తల ఊపుతూ ఉండగానే షేర్వానీ సాబ్ గడ్డం కూడా మెల్లగా పైకి లేచింది. ఆయన బుగ్గ వంక అప్పుడు చూశాను. అదీ ఉబ్బే ఉంది! జీవితమంతా పాన్ నమిలిన మనిషి, దాన్ని బుగ్గన దాచి మామూలుగా మాట్లాడటమూ వచ్చు, ఆ భాషలోనూ పండితుడు. "ఆహ్‌హా! హగర్ హురానీ ఉండ మే ఖ్యూఁ నహీఁ?" అని అదే భాషలో ఎదురు ప్రశ్న వేశారు. పాత కుండలో ఎందుకు కాదని. ఇంకేముంది, పక్క బెంచీవాడు గడ్డమెత్తాడు. ఆ వెనకవాడూ ఎత్తాడు. క్షణంలో గదిలో ఉన్నవాళ్ళందరూ ఇంటికప్పు వంక చూస్తూ, హకారాలతో భౌతికశాస్త్రం కొట్లాడుకుంటున్నారు. ముల్లు ఎడమ గోడ వదిలి, కుడి గోడకు ఠప్పున కొట్టుకుని, అక్కడే ఇరుక్కుపోయింది. అది చూసిన ఆప్టిమం సార్ మొహం చూసి ఎవడో ఫక్కుమన్నాడు.

నోటినిండా పాన్ ఉన్న క్లాసుకు క్లాసు నవ్వితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందరూ కిటికీలకు పరుగెత్తారు, మూసిన కిటికీలు బార్లా తెరిచారు. కింద తెల్ల అంబాసిడర్ ఉన్న సంగతి ఒక్కడికీ గుర్తులేదు.

చాచా బకెట్లమీద బకెట్లు పోస్తూ కారు కడుగుతూ ఉంటే, మెట్ల దగ్గర షేర్వానీ సాబ్ నా భుజం తట్టారు. "బేటా, ఆప్‌కే క్లాస్ మే జాన్ హై." నేను ఆశగా చూశాను. ఆయన చూపు తిప్పుకుని, "మగర్ కాగజ్ పే తో సూయీ కా నంబరే జాయేగా" అన్నారు. క్లాసులో ప్రాణం ఉంది గానీ, కాగితం మీదికి ఎక్కేది ముల్లు చూపిన అంకేనని. అలాగే అయింది. జోలపాట సార్ పర్మనెంటు అయ్యారు. ఆప్టిమం సార్ నన్నేమీ తిట్టలేదు. గదిలోకి పిలిచి, తలుపు వేసి, "నవ్వకముందు రీడింగు అద్భుతం. అది మీఠా పానా, సాదా పానా?" అని గంభీరంగా అడిగారు. ఆ మీద ఆయన పరిశోధన ఎంతదూరం వెళ్ళిందో నాకు తెలియదు.

ఆ సాయంత్రం ఇంటి అరుగుమీద కూర్చుని ఉంటే పహిల్వాన్ వచ్చాడు, వాడి వెనక సగం క్లాసు వచ్చింది. వాడి చేతిలో పాల చెంబు. "మా మూలంగ మీ నౌకరి పాయె సార్" అని తల వంచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గేమిటి చెప్పడానికి. వాడే మళ్ళీ తల ఎత్తి, "గని సార్, కుండ ముచ్చట గాడ్నే ఆగిపోయింది. ఈళ్ళకు ఇంక సమజ్ కాలే. జర చెప్పరాదుండ్రి" అన్నాడు. అరుగుమీదే మొదలుపెట్టాం. మూడు భాషలూ లేచాయి. బాపు లోపలినుంచి, "ఏంది రా ఈ లొల్లి, నౌకరి పోయినంక గూడ!" అని కేకేశాడు, కాసేపటికి తనే వచ్చి మా ఇంటి కుండ తరఫున వాదనకు దిగాడు. నౌకరీ లేకపోయినా అమ్మ బోనమెత్తింది. ఎందుకని అడిగితే, "పిల్లగాండ్లు ఇంటిదాక వచ్చిండ్రు గదరా" అంది.

ఆ తర్వాత వేరే ఊళ్ళో నౌకరీ దొరికింది, చేశాను, రిటైరయ్యాను. ఇప్పుడు, నవ్వకండి, విద్యా నాణ్యత చూసే కమిటీల్లో నన్నూ పెద్దమనిషిగా పిలుస్తున్నారు. మెడలో టై కూడా కట్టుకుంటున్నాను. వెళ్ళినచోటల్లా నున్నటి గచ్చులు, చల్లటి గదులు, సూదిపడితే వినబడేంత నిశ్శబ్దం. పక్కన ప్రిన్సిపాలుగారు గర్వంగా నిలబడి ఉంటారు. నేను మాత్రం ముందు పిల్లల బుగ్గల వంక చూస్తాను. కుండలో నీళ్ళెందుకు చల్లబడతాయని అడిగి, ఏదో ఒక గడ్డం పైకి లేస్తుందేమోనని కాసేపు ఆగుతాను. ఇప్పటిదాకా ఒక్క బుగ్గా ఉబ్బి కనబడలేదు.