కొక్కెం కుట్టిన రెండు జతలు

మా ఇంటివాళ్ళకి చేతివేళ్ళూ కాలివేళ్ళూ పుట్టుకతోనే వంకర. మా తాత ఆ వేళ్ళతో మబ్బు అంచు పట్టుకుని మూడు ఊళ్ళు దాటాడంటే మీరు నమ్మకపోవచ్చు. కాన్వెంటులో నన్ను కొట్టబోయిన సిస్టరు స్కేలు నా వేళ్ళ మధ్య ఇరుక్కుని సాయంత్రం దాకా ఊడిరాలేదంటే మాత్రం నమ్మాలి. ఇది జన్యువుల పని, అంటుకునేది కాదు, పిల్లలకు రావచ్చు అన్నాడు డాక్టరు.

వచ్చింది. మా అమ్మాయి బూట్లు కుట్టే పనిలో చేరిన రోజే తోటివాళ్ళు 'కొక్కెం' అని పేరు పెట్టారు. ముడుచుకున్న వేళ్ళ సందున సూది ఇరికించి, అరచేత్తో తోసి కుడుతుంది. ఇరవై ఏళ్ళయింది. ఆ పేరూ పోలేదు, ఆమె కుట్టూ ఊడలేదు.

ఆమె నుంచి మనవరాలికీ వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల, ఒక్కచోట కాలు నిలవదు. శుక్రవారం బడిలో పరుగుపందెం. బూట్లు లేనిదే గీత దగ్గర నిలబడనివ్వరు. కొట్లో దొరికే బూట్లలో ఆ వేళ్ళు పట్టవు.

"నా కాళ్ళ సంగతి నాకు తెలీదా?" అంటూ కొక్కెం తన బూట్లు కుట్టుకునే చెక్క కాలి అచ్చులాంటిదే చిన్నది చెక్కించి, దాని మీద తోలు బిగించి జత కుట్టేసింది. బుధవారం పిల్ల వాటిని తొడుక్కుని, నాలుగడుగులు వేసి కూలబడింది. చిటికెనవేలు కందిపోయింది.

"అమ్మా, ఇవి నీ కాళ్ళవి. నావి కాదు."

"అదే రక్తం కదే!"

"అయితే వేళ్ళూ అవేనా? నువ్వు చెప్పు తాతయ్యా!"

ముగ్గురం కాళ్ళు చాపి పక్కపక్కన పెట్టాం. నాకు మధ్యవేళ్ళు వంకర, కొక్కేనికి బొటనవేలి పక్కవి, పిల్లకి చివరి రెండూ. ఒకే ఇంట్లో కూడా ఒంపు ఒకేలా ఉండదని డాక్టరు ఏనాడో చెప్పాడు. విన్నదెవరు?

"ఊరందరి కాళ్ళూ కొలుస్తావు, కన్నకూతురి కాలు కొలవలేదుటే?" అన్నాను.

"నువ్వూరుకో నాన్నా. ఆ ప్లాస్టర్ కలుపు."

పిల్ల కాళ్ళకు తడి ప్లాస్టర్ గుడ్డ చుట్టి, గట్టిపడ్డాక కోసి తీసి, ఆ డొప్పల్లో మళ్ళీ ప్లాస్టర్ పోసింది. ఒంపులతో సహా కాళ్ళ అచ్చులు దిగాయి. గురువారం సాయంత్రానికి రెండో జత తయారు.

పందెంలో ఫస్టు వచ్చిందని రాద్దామనుకున్నాను గానీ కొక్కెం పక్కనే కూర్చుని చదువుతోంది. నాలుగో స్థానం. పిల్ల రొప్పుతూ వచ్చి తల్లి ఒళ్ళో కాళ్ళు పెట్టింది.

"కందలేదు చూడు. వచ్చే ఏడు కాళ్ళు పెరుగుతాయి. మళ్ళీ కొలుస్తావా?"

"కొలవకుండా కుడితే నా సూది విరిచెయ్యవే," అంది కొక్కెం.