పెద్ద గేటు

కాశమ్మ చెయ్యి తిప్పి, వేళ్ల వెనక వైపు భర్త ఉప్పలయ్య ముక్కు దగ్గర పెట్టి చూస్తుంది. అతను నిద్రపోతే చూస్తుంది. ఊరికే కళ్లు మూసుకున్నా చూస్తుంది. బియ్యం కడుగుతూ మధ్యలో లేచి, తడి చేత్తోనే వచ్చి చూస్తుంది. తడి వేళ్లకు ఊపిరి త్వరగా తెలుస్తుంది. వెచ్చగా తగిలాక మళ్లీ వెళ్లి బియ్యం కడుగుతుంది.

ఒక్కోసారి అతను కళ్లు తెరవకుండానే అంటాడు.

"బతికే ఉన్న తియ్యి."

యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో ఆమె చపాతీలు చేస్తుంది. అదే క్యాంపస్‌లో ఉప్పలయ్య చాలా ఏళ్లు తోటమాలి. చెట్ల కింద ఆకులు ఊడ్చి కుప్ప పోసి, కుప్ప పక్కన కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. ఇప్పుడు పది అడుగులు వేస్తే గోడ పట్టుకుంటాడు. కూతురు ప్రవళికను జనగామ దగ్గర ఇచ్చారు. ఊళ్లో ఇల్లు పాలివాళ్ల వాటాకు పోయింది. వీళ్లిద్దరికీ ఉన్నది ఈ మూడో అంతస్తు ఇల్లే.

చావంటే అందరికీ ఉన్న భయమే కాశమ్మకూ ఉంది. దాని వెనక ఇంకొకటి ఉంది.

అప్పుడు వాళ్లు సీతాఫల్‌మండిలో కిరాయికి ఉండేవారు. ఉప్పలయ్య తల్లి లచ్చవ్వ ఆసుపత్రిలో పోయింది. శవాన్ని ఆటో ట్రాలీలో తెచ్చారు. ఇంటి ఓనరు మెట్ల మీద నిలబడి చేతులు జోడించాడు. చెడ్డవాడు కాడు. పండగకు పిండివంటలు పంపేవాడు.

"ఏమనుకోకు ఉప్పలయ్యా. కొత్త కోడలు కడుపుతోని ఉన్నది. ఇంట్లకు వద్దు."

లచ్చవ్వను రోడ్డు పక్కన, కిరాణా కొట్టు ఎదురుగా, చాప మీద పడుకోబెట్టారు. చినుకులు మొదలయ్యాయి. స్కూలు పిల్లలు అవతలి వైపు నుంచి నడిచారు. స్కూటర్లు హారన్ కొట్టకుండా పక్కకు తప్పుకుని పోయాయి. బంధువులు వచ్చేదాకా ఉప్పలయ్య తల్లి ముఖం మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో కుర్చీ ఇచ్చారు. కూర్చోలేదు.

దినాలు అయిపోయాక ఒక్క మాట అన్నాడు.

"నన్ను మాత్రం రోడ్డు మీద పెట్టకు."

ఆ మాట తర్వాత కాశమ్మ సర్కారు ఇంటి కోసం తిరిగింది. తార్నాక అవతల, క్యాంపస్ గోడకు దగ్గరగా సర్కారు కట్టిన బ్లాకుల్లో ఇల్లు వచ్చింది. తాళంచెవి చేతికిచ్చినప్పుడు ఆఫీసరును ఆమె నీళ్ల గురించి అడగలేదు, కరెంటు గురించి అడగలేదు.

"సారు, ఇంట్ల ఎవలన్న చచ్చిపోతే ఎవలేమన్న అంటరా?"

ఆఫీసరు నవ్వాడు. "ఎవరంటరమ్మా? మీ ఇల్లు."

అది నిజమే అయింది. పక్కింటి భారతమ్మ భర్త రాజలింగం ఆసుపత్రిలో పోయినప్పుడు నలుగురు మగవాళ్లు శవాన్ని మెట్ల మీదుగా పైకి మోసుకొచ్చారు. మలుపు దగ్గర ఇరుకైంది. తిప్పారు, ఎత్తారు, తెచ్చారు. రాజలింగం ఒక రాత్రి తన ఇంట్లో, తన ఫ్యాను కింద పడుకున్నాడు. గేటు ముందు టెంటు వేశారు. బ్లాకులో ఎవరూ పొయ్యి ముట్టించలేదు. ఉప్పలయ్య ఆ రోజంతా గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. సాయంత్రం ఇంట్లోకి వచ్చి, చాలాకాలం తర్వాత రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

తర్వాత సర్కారు ఈ బ్లాకులను చూసుకునే పనిని ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. ఇళ్లు సర్కారువే. ఊడ్చేది, మోటారు నడిపేది, గేటు తెరిచేది, మూసేది కంపెనీ.

మంచి జరిగింది. కాశమ్మ ఎవరి ముందైనా ఒప్పుకుంటుంది. లిఫ్టు నడిచింది. మెట్ల మీద ఉమ్ములు పోయాయి. నీళ్లు చెప్పిన వేళకు వచ్చాయి. పాత రేకు గేటు తీసేసి, రెండు రెక్కల పెద్ద గేటు పెట్టారు. పక్కన మనుషులు నడవడానికి చిన్న గేటు. పెద్ద గేటు బండ్లకే తెరుస్తారు, అదీ ఎవరని అడిగాక. గేటు పక్కన బోర్డు. ఫంక్షన్లకు అనుమతి కావాలి, టెంటు వేయరాదు, లిఫ్టులో సామాను ఎక్కించరాదు. చావు గురించి బోర్డు మీద ఏమీ లేదు.

అలా ఉండగా కింది అంతస్తు బుచ్చిరాములు ఆసుపత్రిలో పోయాడు.

వ్యాను గేటు ముందు ఆగింది. వాచ్‌మన్ దిలీప్ బయటికి వచ్చి లోపల ఏముందో చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు. పాతికేళ్లవాడు. ముఖం పాలిపోయింది.

"జెర ఆగుండ్రి అన్నా. సూపర్‌వైజర్ సారుకు ఫోన్ చేస్త."

"ఏం ఫోన్‌రా? మా బాపు ఇల్లు ఇది," అన్నాడు బుచ్చిరాములు పెద్దకొడుకు.

"నేను వద్దంటలేనన్నా. నాకు చెప్పిన దాంట్ల ఇది లేదు."

సూపర్‌వైజర్ భానుప్రకాశ్ వచ్చాడు. అతనూ వద్దనలేదు. పై ఆఫీసుకు ఫోన్ చేశాడు. వాళ్లు ఇంకొకరికి చేసి చెప్తామన్నారు. వ్యాను తలుపు తెరిచే ఉంది. బుచ్చిరాములు పాదాలు కనిపిస్తున్నాయి. ఎండ వాటి మీదికి వచ్చింది. ఒకామె తన కొంగు కప్పింది.

ఎవరూ కాదనలేదు. ఎవరూ సరేననలేదు. చివరికి పెద్దకొడుకు వ్యాను డ్రైవరు భుజం తట్టి, "ఊరికి పోనియ్యి" అన్నాడు. వ్యాను వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. కాసేపటికి పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందని చెప్పుకున్నారు. ఏం చెప్పారో ఎవరూ అడగలేదు.

కాశమ్మ మూడో అంతస్తు నుంచి అంతా చూసింది. గేటులోంచి బయటికి నడిచి వెళ్లిన మనిషి తిరిగి లోపలికి రాలేదు. ఆమె మనసులో ఇదొక్కటే నిలబడిపోయింది. లోపల పోయినవాడు లోపలే ఉంటాడు. బయట పోయినవాణ్ని లోపలికి రానివ్వాలో వద్దో గేటు చెప్పాలి.

ఆ రోజు నుంచి ఉప్పలయ్యను గేటు దాటనివ్వలేదు.

మొదట అతనికి అర్థం కాలేదు. బీడీల కోసం దిగబోతే చెప్పులు దాచింది. డాక్టరు దగ్గరికి పోయే రోజు వస్తే, మందులు తానే తెస్తానంది. పాత చీటీ చూపించి పాత మందులే తెచ్చింది. చలికాలం వచ్చింది. దగ్గు గొంతు నుంచి ఛాతీలోకి దిగింది. పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోయాడు. ఆమె వేళ్లు ఇంకా తరచుగా అతని ముక్కు దగ్గరికి వెళ్లాయి.

భారతమ్మ వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందే కాశమ్మా, గిట్ల ఇంట్ల పెట్టుకుని చూస్తున్నవ్? దవాఖానకు తీస్కపో."

"పోతే మల్ల రానిస్తరా అక్కా?"

"ఎవల్ని?"

కాశమ్మ కిటికీలోంచి కింద గేటు వైపు చూసింది. భారతమ్మకు అప్పుడు తట్టింది.

"నీ పాడుగాను! మనిషి బతికే ఉన్నడు. అప్పుడే శవానికి గేటుపాసు అడుగుతున్నవా?"

"నీకేమక్కా. నీ పెనిమిటి ఒక రాత్రి ఇంట్ల పండి పోయిండు."

భారతమ్మ లేచింది. తలుపు దగ్గర ఆగి, వెనక్కి చూడకుండా అంది. "అవు. పోయిండు. ఇంట్ల పండినా పోయిండు."

మరునాడు మెస్సు నుంచి వస్తూ కాశమ్మ సూపర్‌వైజర్ గదికి వెళ్లింది. భానుప్రకాశ్ అన్నం డబ్బా తెరుచుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి మూత పెట్టాడు.

"తినుండ్రి సారు. ఒక్క మాట అడుగుత. మనోళ్లల్ల ఎవలన్న దవాఖానల పోతే, లోపలికి తేనిస్తరా?"

"ఎవరు పోయిండ్రమ్మా?"

"ఎవలు పోలే."

"మీ ఇంట్ల ఎవరికన్న బాగలేదా?"

"అందరు మంచిగనే ఉన్నరు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె గోడ మీది క్యాలెండరు చూసింది. చేతులకు పిండి ఉంది, చీరకు తుడుచుకుంది.

"నాకు తెల్వదమ్మా," అన్నాడు. గొంతు తగ్గించాడు. "బుచ్చిరాములు తాతప్పుడు నేను పైకి అడగకపోతే అయిపోతుండె. లోపలికి పోతుండె. అడిగిన. అడిగితే వాళ్లు ఏదో ఒకటి చెప్పాలె గద. భయపడి అడిగిన. నాది కొత్త నౌకరి." మూత తీసి మళ్లీ పెట్టాడు. "నేనుండేది విద్యానగర్‌ల కిరాయి రూం. మా బాపు పోతే దవాఖానకెల్లి సీదా ఊరికి తీస్కపోయినం. మా ఓనరును నేను అడగనే లేదు."

"మరి ఇప్పుడు అడుగుతరా, అడగరా?"

"ఆ దినం గేటు కాడ ఎవరుంటరో, నేనే ఉంటనో లేదో. కంపెనోళ్లు ఎప్పుడు మారుస్తరో నాకే తెల్వదు. నేనెట్ల చెప్పాలె?"

ఆమె బయటికి వచ్చింది. అతను అబద్ధం చెప్పి ఉంటే తక్కువ భయపడేది.

సాయంత్రం ఉప్పలయ్య గోళ్లు నీలంగా కనిపించాయి. లైటు వేసి మళ్లీ చూసింది. నీలమే. తడి వేళ్లు ముక్కు దగ్గర పెట్టింది. ఊపిరి తగిలింది, కానీ ముక్కలు ముక్కలుగా. కింద పిల్లలు ఆడుకుంటున్నారు. ఎవరో స్కూటరుకు పెద్ద గేటు తెరిచారు, మూశారు.

"ఇగో," అన్నాడు ఉప్పలయ్య. "దవాఖానకు పోదాం."

"చలికి గట్లనే ఉంటది. తగ్గుతది."

"చెప్పులు ఏడ దాచినవో తియ్యి."

అతను ఊపిరి కోసం ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు.

"భారతమ్మ చెప్పింది నాకు. నువ్వు దేనికి భయపడుతున్నవో."

"నువ్వే గద అన్నది. రోడ్డు మీద పెట్టకని."

"అన్న." చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. "గొడుగు పట్టుకున్నోడు నేను. చెయ్యి గుంజింది నాకు. సిగ్గయింది నాకు. అవ్వకేం తెల్సింది? అవ్వ మీద చినుకులు పడ్డయని అవ్వకు తెల్సిందా?"

ఆమె అతని కాళ్ల మీద దుప్పటి సరిచేసింది.

"నాకిప్పుడు గాలి కావాలె కాశమ్మా. ఎట్లన్న పెట్టు. రోడ్డు మీదనే పెట్టు. ముందు గాలి కావాలె."

పెళ్లయినప్పటి నుంచి అతను ఆమెను పేరు పెట్టి పిలవడం తక్కువ. ఆమె లేచి, బియ్యం డబ్బా వెనక నుంచి చెప్పులు తీసి మంచం కింద పెట్టింది. ఆ వేళ ఆటో కోసం దిగలేదు. తెల్లవారనీ అనుకుంది. తెల్లవారే వరకు వేళ్లు అతని ముక్కు దగ్గరి నుంచి తీయలేదు.

పొద్దున్నే భారతమ్మ, కాశమ్మ చెరో వైపు పట్టుకుని అతన్ని లిఫ్టులో దించారు. చిన్న గేటు తెరిచే ఉంది. ఆటో బయట నిలబడింది. దిలీప్ చిన్న గేటు వైపు దారి చూపించాడు.

కాశమ్మ ఆగింది.

"పెద్దది తియ్యి బిడ్డా. ఆటో లోపలికి రావాలె."

"నాలుగు అడుగులే గద పెద్దమ్మా."

"రెండు రెక్కలూ తియ్యి."

దిలీప్ సూపర్‌వైజర్ గది వైపు చూశాడు. భానుప్రకాశ్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఫోను చేతిలో ఉంది. ఎవరికీ చేయలేదు. దిలీప్ గడియ తీసి, రెండు రెక్కలూ ఒకదాని తర్వాత ఒకటి నెట్టాడు.

"ఈయనను చూస్కో," అంది కాశమ్మ. "ముఖం యాది పెట్టుకో. మల్ల వస్తడు. ఎట్లొచ్చినా ఈ గేటుకెల్లే వస్తడు. ఎవలకు ఫోన్ చెయ్యకు."

దిలీప్ తల ఊపాడు. ఊపినట్టే కనిపించింది.

ఆటో తార్నాక వైపు తిరిగింది. "సీతాఫల్‌మండికెల్లి పోతే దగ్గర. పోనీ మెట్టుగూడకెల్లి పోవాల్నా?" అని డ్రైవరు అడిగాడు. ఆమె ఉప్పలయ్యను చూసింది. అతని నోరు తెరుచుకుని ఉంది.

"ఏది దగ్గరైతే గదే."

కాసేపటికి, అప్పుడు ఎదురుగా లచ్చవ్వను పడుకోబెట్టిన ఆ కిరాణా కొట్టు వచ్చింది, వెళ్లిపోయింది. ఆమె వేళ్లు అతని ముక్కు దగ్గర పెట్టింది. ఆటోలోకి కొట్టే గాలిలో ఊపిరి ఏదో తెలియలేదు. ఇంకా దగ్గరగా పెట్టింది. తెలియలేదు. చెయ్యి తీసి, అతని ఛాతీ మీద పెట్టి నొక్కి పట్టుకుంది.