తిరకాసుగారి రెండు మాత్రలు

తిరకాసుగారు దేన్నీ ఒకపట్టాన నమ్మరు. తూనికల శాఖలో ఉద్యోగమంతా దుకాణాల తక్కెళ్లను అనుమానిస్తూ గడిపారు. రిటైరయ్యాక తక్కెళ్లు పోయాయి గానీ అనుమానం మాత్రం ఆయనతోపాటే ఇంటికొచ్చేసింది. బాగున్నారా అని పలకరించినా సరే, "అది సరే, ఇందులో తిరకాసేమిటి?" అంటారు.

అలాంటి మనిషి ఓ రోజు డాక్టరమ్మ గదిలోకొచ్చి, కుర్చీని ఊపి చూసి మరీ కూర్చున్నారు. తనకు మాటిమాటికీ మూత్రం వస్తోందనీ, వస్తే ఆపుకోలేకపోతున్నాననీ చెప్పారు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఎవరైనా గొంతు తగ్గిస్తారు. ఈయన మాత్రం బయట బెంచీ మీదవాళ్లకి కూడా అర్థమయ్యేలా చెప్పారు. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది.

డాక్టరమ్మ ఓపిగ్గా రెండు రకాల మాత్రల గురించి చెప్పింది. రెండూ ఆ తొందరని తగ్గించేవే. మొదటిదానితో నోరెండిపోవచ్చు, పెద్దవాళ్లకి మతిమరుపు కూడా రావచ్చు. రెండోదానితో ఆ బాధ తక్కువే గానీ కొందరికి బీపీ పెరుగుతుంది.

"అది సరే, నోరెండితే పాట పాడొచ్చా?" అన్నారాయన.

డాక్టరమ్మ తెల్లబోయింది. ఆయన కూనిరాగం తీస్తే పక్కింటివాళ్లు కుక్కరు చూసుకోడానికి పరిగెడతారు. ఇదే ప్రశ్న మందుల షాపులో ఎన్నిసార్లు అడిగారో గానీ, ఆయన మలుపు తిరగడం చూస్తే చాలు, షాపతను టీకి వెళ్లిపోతున్నాడు.

బీపీ చూస్తానంటే మిషన్‌నీ నమ్మలేదు. ముందు డాక్టరమ్మకే కట్టించి, అంకె చూసి, అప్పుడు చెయ్యి చాపారు. ఆయన బీపీ చాలా ఎక్కువగా ఉంది.

"అయితే మీకు రెండోది పనికిరాదండీ."

"రెండోదే రాయండి."

"మీ బీపీకి పడదంటున్నాగా."

"మధ్యలో నా బీపీ గోలెందుకమ్మా?"

అనేశాక నాలిక్కరుచుకున్నారు. డాక్టరమ్మ కలం కింద పెట్టి, ఆయన మాటే ఆయనకి అప్పజెప్పింది.

"అది సరే, ఇందులో తిరకాసేమిటి?"

అప్పుడు తగ్గింది ఆయన గొంతు. బాధ వాళ్లావిడది. ఇంట్లో పిల్లలకి సంగీతం చెప్పే మనిషి, పాట మధ్యలో లేచి పరిగెత్తలేక సిగ్గుతో పాఠాలే మానేసింది. ఎంత చెప్పినా ఆసుపత్రికి రానంది. నోరెండే మందయితే ఆవిడ ఇక పాడనే పాడదని ఈయన భయం. వీధిలో నవ్వులన్నీ తన మీద వేసుకున్న ఆ పెద్దాయన్ని చూస్తే డాక్టరమ్మకి ముచ్చటేసింది. కానీ చూడని మనిషికి మందు రాయనంది.

"మీకు తోడుగా రమ్మనండి. రోగం మీదేనని బయట బెంచీ మీద అందరూ నమ్మేశారుగా."

ఆవిడ తోడుగానే వచ్చింది. లోపల పరీక్షలు మాత్రం ఆవిడకే జరిగాయి. బీపీ మామూలుగా ఉంది, డాక్టరమ్మ రెండో మాత్రే రాసింది.

కొన్నాళ్లకి డాక్టరమ్మ ఆ వీధిన వెళ్తుంటే ఇంట్లోంచి పాట వినిపించింది. గేటు దగ్గర తిరకాసుగారు నుదురు చిట్లించి వింటున్నారు.

"బాగా పాడుతున్నారండీ."

"పాడుతోంది. ఇందులో తిరకాసేమిటా అని చూస్తున్నా."

"ఉంది. మీ బీపీ. రేపొకసారి రండి."

లోపల పాట ఆగింది. వీధంతా వినపడేలా ఆవిడే అంది: "నేను తీసుకొస్తా డాక్టరుగారూ. ఆయన మాట నమ్మకండి."